అందర్నీ ఒకేసారి వదలాలా, ఒక్కొక్కరినీ పంపాలా?

విశాఖలో సైకిల్ రేసు అనుకోగానే మా సంఘంలో మొదలయ్యే గొడవ ఇదే.

చూడ్డానికి గుంపు రేసే బాగుంటుంది. ఆర్కే బీచ్ రోడ్డులో ముప్పై మంది ఒక్కసారిగా పెడల్ తొక్కితే వాకింగ్‌కి వచ్చినవాళ్లు కూడా ఆగిపోతారు. ముందువాడి వెనక గాలి చాటున దాక్కుని, చివర్లో దూకే ఎత్తులన్నీ ఇందులోనే. కానీ ఒకడి ముందు చక్రం ఇంకొకడి వెనక చక్రానికి తగిలిందంటే నలుగురైదుగురు కింద పడతారు. రోడ్డు పూర్తిగా మూయాలి. పోలీసు అనుమతి, అంబులెన్స్, ప్రతి మలుపులో విజిల్ పట్టుకుని ఒక మనిషి. ఆదివారం తెల్లవారుజామున అంతమందిని లేపడమే పెద్ద పని!

టైమ్ ట్రయల్, అంటే ఒక్కొక్కరినీ పంపి ఎవరికి తక్కువ టైమ్ పట్టిందో చూసే రేసు, వేరు. భీమిలి రోడ్డు మీద నిమిషానికొకరు బయల్దేరతారు. వెనక ఒకరు సీటు పట్టుకుంటారు, పక్కన ఇంకొకరు ఐదు నుంచి వెనక్కి లెక్కపెడతారు. గాలి చాటు కుదరదు. అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ నియమాల ప్రకారం దాటేవాడు పక్కకి కనీసం 2 మీటర్ల ఎడం ఉంచాలి. చూసేవాళ్లకి బోరే. పైగా గెలుపంతా టైములు రాసుకునే కాగితం మీదే. ఒకసారి చెమట చేత్తో నేను రాసిన 1 ఇంకొకరికి 7లా కనిపించి, బహుమతి వేరేవాళ్లకి వెళ్లిపోయింది. సారీ చెప్పి వెనక్కి తెచ్చుకునేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

అయినా కొత్తవాళ్లు ఎక్కువుంటే నా ఓటు టైమ్ ట్రయల్‌కే. రెండు మూడుసార్లు అందులో తొక్కి, గీత తప్పకుండా నడపడం వచ్చినవాళ్లనే గుంపులోకి వదులుతాను.