హన్మకొండలో బిజినెస్ ప్లాన్ రాయించుకున్నాము: లెక్కలకు మంచి మార్కులు, మార్కెట్ పేజీలకు కావు

మా చపాటా రకం మిర్చి కారం యూనిట్‌ను విస్తరించడానికి, పెట్టుబడిదారుల ముందు పెట్టే బిజినెస్ ప్లాన్‌ను హన్మకొండలోని ఒక చిన్న కన్సల్టెన్సీలో రాయించుకున్నాము. ఫీజు 30 వేల రూపాయలు. సగం ముందు, మిగతా సగం చివరి ప్రతి చేతికి వచ్చాక ఇవ్వాలి. వచ్చే పెట్టుబడిలో కమీషన్ అడగకపోవడం నాకు నచ్చింది, ఎందుకంటే కమీషన్ మీద పనిచేసేవారికి అంకెలను ఉబ్బించి చూపాలనే ఆశ ఉంటుంది.

వీరికి చేయి తిరిగిన పని బ్యాంకు ప్రాజెక్ట్ రిపోర్టు. మొదటి ముసాయిదాలో యంత్రాల కొటేషన్లు, షెడ్డు కొలతలు, చివరకు తనఖా పెట్టే ఆస్తి వివరాలు కూడా ఉన్నాయి. బ్యాంకుకు అసలు, వడ్డీ తిరిగి వస్తే చాలు. వాటా కొనేవారు మాత్రం ఐదారేళ్లలో ఆ వాటా విలువ ఎంత పెరుగుతుందో, దాన్ని ఎవరికి అమ్ముకోవచ్చో చూస్తారు. దీని గురించి ముసాయిదాలో ఒక్క పేరా లేదు. మేము అడిగాక చేర్చిన పేజీ మాత్రం స్పష్టంగా ఉంది: 50 లక్షలకు 20 శాతం వాటా ఇస్తే, పెట్టుబడి చేరాక కంపెనీ విలువ 2.5 కోట్లని, అంటే ఇప్పటి వ్యాపారానికి మేము 2 కోట్ల వెల కడుతున్నామని, ఆ వెలను నిలబెట్టుకోలేకపోతే వాటా పెంచక తప్పదని దాచకుండా రాశారు. భాగస్వామ్య సంస్థగా ఉండి షేర్లు జారీ చేయలేమని, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీగా మారాలని మొదటి సమావేశంలోనే చెప్పారు.

నగదు రాకపోకల పట్టికలో మొదట ముడిసరుకు ఖర్చును 12 నెలలకు సమానంగా పంచేశారు. వరంగల్‌లోని ఎనుమాముల మిర్చి మార్కెట్‌ను ఎరిగినవారెవరూ అలా రాయరు. సీజన్‌లో, ముఖ్యంగా జనవరి నుంచి ఏప్రిల్ దాకా, ఏడాదికి సరిపడా మిర్చి కొని, కోల్డ్ స్టోరేజీలో పెట్టి, అవసరాన్ని బట్టి తీసి పట్టించాలి. ఈ సంగతి చెప్పగానే వాదించకుండా పట్టిక మొత్తం మార్చారు. తొడిమ తీస్తే పోయే తరుగు, తాలు కాయ ఏరే కూలి, కోల్డ్ స్టోరేజీ అద్దె విడివిడి వరుసల్లోకి వచ్చాయి. కొత్త పట్టికలో ఏప్రిల్ నెలాఖరుకు నగదు అడుగంటింది. అది చూసి ఎవరైనా వెనక్కి తగ్గుతారేమోనని మా భాగస్వామి సందేహించారు గానీ, డబ్బు ఏ నెలలో ఎందుకు కావాలో చెప్పే పేజీ అదొక్కటే.

మార్కెట్ పేజీలు నిరాశపరిచాయి. దేశంలో మసాలాల వ్యాపారం ఎంతో పెద్దది, అందులో ఒక్క శాతం మనకు వచ్చినా చాలు అన్న ధోరణిలో సాగాయి. హన్మకొండలో, కరీంనగర్‌లో ఏ కిరాణా దుకాణం, ఏ పచ్చళ్ల తయారీదారు నెలకు ఎన్ని కిలోలు తీసుకుంటున్నారో మా బిల్లు పుస్తకాల్లోనే ఉంది. వాటిని ఎవరూ అడగలేదు. చపాటాకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని రాశారే తప్ప, ఘాటు తక్కువగా, రంగు ఎక్కువగా ఉండే ఈ కాయ కోసం పచ్చళ్లవారు ఎందుకు ఎక్కువ ధర పెడతారో రాయలేదు. ఆ పేజీలను మేమే తిరగరాసుకున్నాము.

బ్యాంకు రుణం కోసమో, దానితో ముడిపడిన సబ్సిడీ పథకం కోసమో అయితే నిస్సంకోచంగా వీరి దగ్గరకు వెళ్లవచ్చు. పెట్టుబడిదారుల కోసమైతే బిల్లు పుస్తకాలు వెంట తీసుకెళ్లండి. చివరి ప్రతిని పీడీఎఫ్‌గా మాత్రమే ఇస్తారు కాబట్టి, సూత్రాలతో సహా ఎక్సెల్ ఫైలు చేతికి వచ్చాకే మిగతా సగం ఫీజు చెల్లించండి. మిర్చి ధర మారితే లాభం ఎంత మారుతుందని అడిగినప్పుడు అక్కడికక్కడే మార్చి చూపించడానికి అది కావాలి.