ఎస్‌డబ్ల్యూఆర్ 1.2 చూపించి యాంటెన్నా అంటగడుతున్నారు, జాగ్రత్త

కోనసీమ, భీమవరం వైపు సెకండ్ హ్యాండ్ హ్యామ్ రేడియో (ఔత్సాహికులు నడిపే రేడియో) సామాన్లు కొనేవాళ్లు ఇది తప్పకుండా చదవండి. 2 మీటర్ల బ్యాండ్ (తరంగదైర్ఘ్యం 2 మీటర్లు) యాంటెన్నా, దాన్ని సెట్‌కి కలిపే 30 మీటర్ల ఆర్‌జీ-58 రకం కేబుల్ కలిపి ఒకాయన దగ్గర తీసుకున్నాను. 145 మెగాహెర్ట్జ్‌లో మీటర్ ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన పవర్ ఎంత వెనక్కి వస్తోందో చెప్పే అంకె, 1 అయితే ఏమీ రానట్టు) 1.2 చూపించింది. "ఇంతకన్నా ఏం కావాలండీ బాబూ" అన్నారాయన. తీరా డాబా మీద ఎక్కించాక పక్క ఊరి స్టేషన్ కూడా సరిగ్గా అందలేదు.

అనుమానం వచ్చి యాంటెన్నా విప్పేసి, కేబుల్ చివర ఖాళీగా వదిలేసి ఎనలైజర్‌తో (కొద్దిపాటి పవర్‌తో ఎస్‌డబ్ల్యూఆర్ కొలిచే పరికరం) చూశాను. అప్పుడూ 1.4! యాంటెన్నా లేకపోయినా బాగున్నట్టే చూపిస్తోంది. కేబుల్ లేకుండా యాంటెన్నాకే నేరుగా తగిలించి కొలిస్తే 4. కేబుల్ తొక్క ఒలిచి చూస్తే లోపలి రాగి అల్లిక నల్లబడి, చిలుము పట్టి, తడితడిగా ఉంది. ఉప్పుగాలికి కనెక్టర్ దగ్గర సీల్ పోయి నీళ్లు దిగాయి.

మీటర్ చూపించేది వెళ్లిన పవర్‌లో ఎంత వెనక్కి వచ్చిందన్నదే. బాగున్న ఆర్‌జీ-58 అయినా ఈ పొడవుకి, ఈ ఫ్రీక్వెన్సీలో దాదాపు 6 డీబీ (డెసిబెల్స్) తినేస్తుంది, అంటే నాలుగో వంతే మిగులుతుంది. 50 వాట్లు పంపితే పైకి చేరేది 12. అదంతా తిరిగొచ్చినా కింద మీటర్‌కి అందేది 3 వాట్లే, అంటే యాంటెన్నా లేకపోయినా 1.7 చూపిస్తుంది. తడిసిన కేబుల్ ఇంకా ఎక్కువ తినేస్తుంది కాబట్టి ఇంకా 'బాగా' చూపిస్తుంది. డమ్మీ లోడ్ (పవర్‌ని గాల్లోకి పంపకుండా వేడిగా మార్చేసే రెసిస్టర్) పెట్టినా 1 వస్తుంది, దాంతో ఎవరితో మాట్లాడతాం?

అందుకే కొనేముందు చివర విప్పించి ఎనలైజర్‌తో కొలవండి. మంచి పొట్టి కేబుల్ అయితే రీడింగ్ ఒక్కసారిగా పైకి లేవాలి. సెట్‌తో మాత్రం అలా ప్రసారం చేయకండి, ఫైనల్స్ (సెట్‌లో పవర్ పంపే చివరి ట్రాన్సిస్టర్లు) పోవచ్చు. తర్వాత చివర డమ్మీ లోడ్ పెట్టి, అక్కడికి ఎన్ని వాట్లు చేరుతున్నాయో చూడండి. మంచి కేబుల్‌తో యాంటెన్నా 1.8 చూపిస్తే కంగారు పడక్కర్లేదు, 2 దగ్గర కూడా వెనక్కి వచ్చేది 11 శాతమే.

1996 నవంబరు తుఫాను చూసినవాళ్లం. ఫోన్లు మూగబోయిన రోజున ఈ సెట్లే దిక్కు, ఆ రోజు ఇలాంటి కేబుల్ ఉంటే ఏం కాను?

డబ్బు వెనక్కి అడిగితే "మీ ముందే 1.2 చూపించాను కదండీ" అంటున్నారు. అదే కేబుల్ చుట్టలు ఇంకా ఉన్నాయట. చివర విప్పి కొలవనివ్వకపోతే అడ్వాన్స్ కూడా ఇవ్వకండి.