ఫ్రీక్యాడ్‌లో డేటం ప్లేన్లు: జైపూర్ రైస్ మిల్లు పనుల్లో వాడి చూశాక

ఒడిశాలోని జైపూర్ చుట్టుపక్కల రైస్ మిల్లులకు హాపర్లు (వడ్లు పోసే గరాటు లాంటి రేకు తొట్లు), చూట్లు (వడ్లు జారిపోయే రేకు దారులు) గీసిచ్చే పని నాది. 2022లో 0.20 వెర్షన్ వచ్చినప్పటి నుంచీ ఫ్రీక్యాడ్ అనే త్రీడీ డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ మీదే బండి నడుస్తోంది. డబ్బు కట్టక్కర్లేదు, నెట్ లేకపోయినా పనిచేస్తుంది. మా కోరాపుట్ జిల్లాలో రెండోదే పెద్ద సుఖం. మిగతా సంగతులు వదిలేసి పాయింటు, దిక్కు, తలం చూపించే పనిముట్ల గురించే రాస్తాను. వీటిని అందులో డేటం అంటారు; డేటం ప్లేన్ అంటే గీసుకోవడానికి మనం పెట్టుకునే ఊహా తలం. మా పనిలో తలనొప్పంతా అక్కడే.

పెట్టె గీసేవాడికి సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఎక్స్‌వై, ఎక్స్‌జెడ్, వైజెడ్ తలాలు చాలు. హాపర్‌కు చాలవు. నాలుగు పక్కలూ 45 డిగ్రీల వాలుతో దిగే చదరపు హాపర్ తీసుకోండి. "నలభై అయిదు పెట్టాం కదా, వడ్లు ఎందుకు జారవు?" అంటాడు సావుకారు. రెండు రేకులు కలిసే మూలలో వాలు 35.3 డిగ్రీలే. తడి వడ్లు పట్టేసేది ఆ మూలలోనే. మూలలో కూడా 45 కావాలంటే పక్కల్ని 54.7కు నిలబెట్టాలి.

ఆ మూల వెంబడి వేసే రేకు పట్టీ వంచాలంటే ఎంత కోణం? పైనుంచి చూస్తే 90 కనబడుతుంది. నిజానికి 45 వాలు హాపర్‌లో రేకుల మధ్య కోణం 120, 54.7 వాలుదైతే 109.5. మూల అంచుకు అడ్డంగా, సరిగ్గా లంబంగా కోసి చూస్తేనే అది బయటపడుతుంది. ఫ్రీక్యాడ్‌లో ఆ అంచునూ దాని కొననూ ఎంచుకుని, డేటం ప్లేన్ నొక్కి, అటాచ్‌మెంట్‌లో (తలం దేనికి ఎలా అతుక్కోవాలో చెప్పే చోట) 'నార్మల్ టు ఎడ్జ్' పెడితే ఆ తలం వచ్చి కూర్చుంటుంది. దాని మీద వి ఆకారం స్కెచ్ గీసి ప్యాడ్ చేస్తే, అంటే ఆ గీతకు పొడవిచ్చి లాగితే, పట్టీ మూల వెంబడే సాగుతుంది, దిక్కు విడిగా చెప్పక్కర్లేదు. ఈ ఒక్క సదుపాయానికే నేను ఫుల్ మార్కులు వేస్తాను.

దిక్కు విడిగా చెప్పాల్సి వస్తే ప్యాడ్‌లో ఏదో ఒక అంచును చూపించవచ్చు, లేదా ఎక్స్, వై, జెడ్ అంకెలు ఇవ్వవచ్చు. అక్కడ 'లెంగ్త్ అలాంగ్ స్కెచ్ నార్మల్' అనే టిక్ ఒకటుంది. అది ఉంటే పొడవును వాలు వెంట కాకుండా స్కెచ్‌కు లంబంగా కొలుస్తుంది. చూట్ పొడవు ఎక్కువ వచ్చిందేంటి అనుకుంటే ముందు ఆ టిక్ చూడండి.

వడ్లు పైకి ఎత్తే పాత ఎలివేటర్ మూతికి కొత్త చూట్ అతికించేటప్పుడు 'ప్లేన్ బై త్రీ పాయింట్స్' పనికొస్తుంది. తూకం గుండు వేసి ఫ్లాంజ్ (మూతి చుట్టూ బోల్టులు బిగించే అంచు) మీద మూడు చోట్ల కొలిచి, మూడు డేటం పాయింట్లు పెడితే తలం తయారు. మూడూ ఒకే గీత మీదుంటే అసలు రాదు, అది మేలు. దాదాపు ఒకే గీత మీదుంటే వస్తుంది, కొలతలో రెండు మిల్లీమీటర్ల తేడాకే వంకర తిరుగుతుంది. అందుకే మా ఫిట్టర్‌తో, "అన్నా, పక్కపక్క బోల్టు కన్నాలు వద్దు, దూరదూరంగా ఉన్నవి పట్టు" అని ప్రతిసారీ చెబుతాను.

ఇక తిట్లు. తలాన్ని అతికిన చోటు నుంచి ఎంత జరపాలో చెప్పే అటాచ్‌మెంట్ ఆఫ్‌సెట్‌లో కనబడే ఎక్స్, వై, జెడ్ ఆ తలానివే, మొత్తం మోడల్‌వి కావు. కొత్తవాళ్లు జెడ్‌లో 100 కొట్టి పైకి లేస్తుందని చూస్తే, అది వాలుగా పక్కకు పోతుంది. పైగా 1.0 వెర్షన్‌కు ముందు, మొదట్లో గీసిన స్కెచ్‌లో ఒక గీత మారిస్తే సాఫ్ట్‌వేర్ అంచులకిచ్చిన నంబర్లు మారిపోయి తలం ఎక్కడికో ఎగిరిపోయేది. 2024 నవంబర్‌లో వచ్చిన 1.0లో ఈ గోల చాలా తగ్గింది, పూర్తిగా పోలేదు. అందుకే వీలైన చోటల్లా తలాల్ని రేకులకు కాకుండా సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఎక్స్‌వై, ఎక్స్‌జెడ్, వైజెడ్ తలాలకే అతికించి, దూరం, కోణం స్ప్రెడ్‌షీట్ నుంచి లాగుతాను. సావుకారు మనసు మారితే ఒక గడిలో అంకె మారిస్తే చాలు. పేర్లు కూడా వెంటనే మార్చుకోండి. డేటంప్లేన్001, 002 అని పెరుగుతూ పోతే ఏది మూలదో ఏది మూతిదో వారం తర్వాత దేవుడికే తెలియాలి.