జపాన్‌లో రామెన్: ముక్కని కాదు, సూప్‌ని చూసి షాపు ఎంచుకోండి

జపాన్ వెళ్ళబోయే మనవాళ్ళు రామెన్ (సూప్‌లో వేసిచ్చే నూడుల్స్) గురించి మొదట అడిగేది "అందులో ఏ మాంసం వేస్తారు?" అని. పైన పెట్టే ముక్కలు వద్దంటే చాలా చోట్ల తీసేస్తారు. గిన్నె నిండా ఉన్న సూప్‌ని దేంతో కాచారో తెలుసుకోవాలి, అది ఎవరూ తీసివ్వలేరు. మా ముగ్గురివీ మూడు తిండ్లు. నేను అన్నీ తింటాను. మావారు కోడి, చేప తప్ప వేరే మాంసం ముట్టరు. అత్తయ్య గుడ్డు కూడా తినరు. ఫుకుఓకాలో దిగి, ఒసాకా, టోక్యో మీదుగా సప్పొరో దాకా వెళ్ళాం. ఎక్కడ ఎవరికి తిండి దొరికింది, ఎక్కడ డబ్బు దండగ అయింది అన్నది రాస్తున్నాను.

ఫుకుఓకాలో రామెన్ అంటే తోన్‌కోత్సు. పంది ఎముకల్ని పెద్ద మంట మీద గంటల తరబడి మరిగిస్తారు. మూలుగ, కొవ్వు కరిగి సూప్ తెల్లగా చిక్కబడుతుంది. పాతబస్తీలో పొద్దున్నే పాయా తాగే అలవాటున్నవాళ్ళకి పెదాలకి అంటుకునే ఆ జిగురు కొత్తగా అనిపించదు. వాసన మాత్రం ఘాటు, వీధి మలుపులోనే పట్టేస్తుంది. నూడుల్స్ సన్నగా ఉంటాయి, నిమిషంలోపే ఉడుకుతాయి, అంత త్వరగానూ నానిపోతాయి. అందుకని మొదట కొంచెమే వేస్తారు. అవి అయ్యాక "కాయెదామా" అంటే ఇంకో విడత నూడుల్స్ తెచ్చి అదే సూప్‌లో వేస్తారు. చాలా చోట్ల నూటయాభై యెన్ దాటదు. నాగహామా చేపల మార్కెట్‌లో క్షణం తీరిక లేని పనివాళ్ళ కోసం మొదలైన పద్ధతి ఇది. సూప్ ముందే తాగేయకండి, రెండో విడతకి ఉంచుకోవాలి. ఆర్డరిచ్చేటప్పుడు "కతా" అంటే నూడుల్స్ కాస్త పలుకుగా ఇస్తారు. నాకు అలాగే బాగున్నాయి.

ఇచిరాన్ అనే రామెన్ షాపుల సంస్థ పుట్టింది ఈ ఊళ్ళోనే. ఒక్కొక్కరికీ ఒక్కో చిన్న అర, మధ్యలో చెక్క అడ్డు, ఎదురుగా తెర. కాగితం మీద సూప్ ఘాటు, కొవ్వు, వెల్లుల్లి, కారం, నూడుల్స్ గట్టిదనం అన్నీ సున్నాలు చుట్టి ఇవ్వడమే. భాష రాకపోయినా, ఒంటరిగా వెళ్ళినా ఇంతకంటే సుఖం లేదు, రుచీ నిలకడగా ఉంటుంది. కుటుంబంతో వెళితే మాత్రం పక్కనున్న మనిషి మొహం కనపడదు. కబుర్లు చెప్పుకుంటూ తినాలంటే నకాసులో నది ఒడ్డున రాత్రిళ్ళు వెలిసే యతాయ్ బళ్ళ దగ్గరికి వెళ్ళండి. పదిమంది పట్టే బల్ల, పక్కన ఎవరో ఆఫీసు నుంచి నేరుగా వచ్చినవాళ్ళు. రామెన్ ఓ మోస్తరు. పుల్లలకి గుచ్చి నిప్పుల మీద కాల్చిన కోడి ముక్కలు మావారికి బ్రహ్మాండంగా కుదిరాయి. ధరల పట్టిక చూశాకే కూర్చోండి. బండి దగ్గర టాయిలెట్ ఉండదని కూడా గుర్తుంచుకోండి.

బస గురించి ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే అదీ రామెన్‌తో ముడిపడిందే. డార్మీ ఇన్ హోటళ్ళలో రాత్రి తొమ్మిదిన్నర నుంచి బస చేసినవాళ్ళకి చిన్న గిన్నెలో సోయా సాస్ రామెన్ ఉచితంగా ఇస్తారు. పైన వేడినీళ్ళ సామూహిక స్నానశాల ఉంటుంది. రోజంతా నడిచి వచ్చి, స్నానం చేసి, ఆ గిన్నె తింటే హాయిగా నిద్ర పడుతుంది. గదులు ఇరుకు, రెండు పెద్ద సూట్‌కేసులు ఒకేసారి తెరవలేం. అయినా అదే ధరలో ఇంకాస్త పెద్ద గది దొరికినా నేను ఇదే తీసుకుంటాను. ఆ సూప్‌లో మాంసం, చేప రెండూ ఉంటాయి కనక శాకాహారులు దీన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

ఒసాకాలో దోతోన్‌బోరి వీధిలో ఒక పేరున్న షాపు ముందు గంటసేపు నిలబడ్డాం. లోపల సూప్ ఉప్పు కషాయం. ఆఖరి ముద్ద నోట్లో ఉండగానే గిన్నె తీసేశారు. తినగానే లేవడం జపాన్ రామెన్ షాపుల మర్యాద, బయట వరస ఉంటుంది కనక అది న్యాయమే. కానీ తింటున్నవాళ్ళని లేపడం నేను ఆ ఒక్క చోటే చూశాను. ఆ ఊళ్ళోనే స్టేషన్ దగ్గరి సందులో, అక్కడివాళ్ళే తినే ఒక చిన్న కౌంటర్‌లో వరసా లేదు, రుచీ ఎక్కువ. ఫోటోల కోసం నిలబడే వరసలు వదిలేయండి.

డబ్బు సంగతి. మామూలు గిన్నె ఎనిమిది వందల నుంచి పన్నెండు వందల యెన్, అంటే మన డబ్బులో సుమారు ఐదు నుంచి ఏడు వందల రూపాయలు. టిప్పు ఇచ్చే ఆచారం లేదు, నీళ్ళు ఉచితం. చాలా షాపుల్లో గుమ్మం పక్కన టికెట్ యంత్రం ఉంటుంది. డబ్బు వేసి, బటన్ నొక్కి, టికెట్ కౌంటర్ మీద పెట్టాలి. 2024 జులైలో జపాన్ కొత్త నోట్లు తెచ్చింది. పాత యంత్రాలు వాటిని మింగవు. అందుకే చేతిలో నాణేలు ఉంచుకోండి. ముగ్గురు కలిసి ఒక గిన్నె పంచుకుంటామంటే ఒప్పుకోరు, తలా ఒకటి తీసుకోవాల్సిందే.

శాకాహారుల విషయంలో మొహమాటం లేకుండా చెబుతాను. జపాన్‌లో "వెజిటేరియన్" అన్న మాట ఒక్కటే చాలదు. కూరగాయల రామెన్ అన్నా అడుగున ఉండేది ఎముకల సూపో, ఎండుచేపతో కాచిన దాషీయో. మాంసం, చేప, గుడ్డు, వాటితో కాచిన సూప్ ఏదీ తినమని జపనీస్‌లో అచ్చు వేయించిన చీటీ అత్తయ్య సంచిలో ఎప్పుడూ ఉండేది. అది చూసి "మా దగ్గర మీరు తినగలిగింది లేదు" అని వంగి క్షమాపణ చెప్పిన వంటవాళ్ళ మీద నాకు గౌరవం పెరిగింది. ఏదో ఒకటి పెట్టి పంపేయలేదు కదా.

టోక్యో స్టేషన్‌లో టీస్ తాన్‌తాన్ అనే రామెన్ షాపు చేరాక అత్తయ్య మొహం వికసించింది. అక్కడ మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ వాడరు. నువ్వుల ముద్దతో చేసిన సూప్, దాంట్లో కారం నూనె, పైన సోయా తురుము. "ఏమే, నువ్వులు వేయించింది సరిగ్గా కుదిరింది" అన్నారు రెండో చెంచాకే. "ఇంకోటి చెప్పమంటారా అత్తయ్యా?" అంటే, "ముందు ఇది కానీ" అన్నారు, కానీ సూప్ చుక్క మిగల్చలేదు. షాపు టికెట్ గేట్ల లోపల, కేయో వీధిలో ఉంటుంది. రైలు ఎక్కే పని లేకపోతే ప్లాట్‌ఫాం టికెట్ కొనాలి. ఉల్లి, వెల్లుల్లి కూడా తిననివాళ్ళు ముందే అడగండి. మధ్యాహ్నం రెండు దాటాక వెళితే కూర్చోవడానికి చోటుంటుంది. అన్నం, సాంబారు మీద మనసు పోతే భారతీయులు ఎక్కువగా ఉండే నిషి కసాయ్ వైపు వెళ్ళండి, సరుకుల కొట్లు కూడా ఉన్నాయి.

కోడి మాత్రమే తినేవాళ్ళు "తోరి పాయ్‌తాన్" అన్న మాట నేర్చుకోండి. కోడి ఎముకల్ని తెల్లబడేదాకా కాచిన సూప్ అది. టోక్యోలో గింజా ప్రాంతంలోని కగారి అనే షాపు దీనికి పేరున్నది. మెత్తని కోడి ముక్కలు, కాలాన్ని బట్టి కూరగాయలు వేస్తారు. మావారికి యాత్ర మొత్తంలో నచ్చిన గిన్నె అదే.

ఒక పూట షిన్ యోకొహామా రామెన్ మ్యూజియంకి ఇవ్వండి. 1994లో తెరిచారు. భూగర్భంలో 1958 నాటి వీధిని మళ్ళీ కట్టారు, అంటే మొమోఫుకు ఆందో మొదటి ఇన్‌స్టంట్ నూడుల్స్ తెచ్చిన ఏడాది. వేర్వేరు ఊళ్ళ షాపులు అక్కడే ఉంటాయి, చిన్న గిన్నెలు అడిగితే రెండు మూడు రుచులు చూడొచ్చు.

సప్పొరోలో చలి ఎక్కువ, రామెన్ కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్ పైన కొవ్వు పొరలా తేలుతుంది, వేడిని బయటికి పోనివ్వదు. ఆవిరి కనపడలేదని గబుక్కున తాగితే నాలుక కాలుతుంది. లావుపాటి, మెలికలు తిరిగిన పసుపు నూడుల్స్, వేయించిన మొలకలు, అడిగితే మొక్కజొన్న, వెన్న. సుసుకినో రామెన్ సందులో ఒక్కో షాపులో ఓ డజను మంది పడతారేమో. నాకు ఫుకుఓకా కంటే ఇదే నచ్చింది. పంది తిననివాళ్ళకి అక్కడ సూప్ కర్రీ ఉంది, పల్చటి మసాలా సూప్‌లో మొత్తం కోడి కాలు, అన్నం విడిగా.

తిరుగు విమానం సప్పొరో దగ్గరి న్యూ చితోసె విమానాశ్రయం నుంచైతే రెండు గంటలు ముందే చేరండి. దేశీయ టెర్మినల్ మూడో అంతస్తులో, సెక్యూరిటీకి ముందే, హొక్కైదో (సప్పొరో ఉన్న దీవి) రామెన్ షాపులు ఒకే వరసలో ఉన్నాయి. ఎబిసోబా ఇచిగెన్‌లో రొయ్య తలలతో కాచిన సూప్ ఇస్తారు. రొయ్య తలలు పారేయకుండా ఇగురులో వేసుకునే కోస్తావాళ్ళకి అది నచ్చి తీరుతుంది. వరస పొడుగ్గానే ఉంటుంది, కానీ చకచకా కదులుతుంది.