రెట్ సిండ్రోమ్ ఉన్న మా పాపకి కంటిచూపుతో నడిచే టాబ్లెట్: వాడాక రాస్తున్న రివ్యూ

ముందే చెప్తున్నా, ఇది కొనదగ్గ వస్తువే. కాకపోతే అమ్మేవాళ్లు చూపించే డెమో చూసి మాత్రం నిర్ణయించుకోకండి.

రెట్ గురించి తెలియనివాళ్లకి: ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండే ఎమ్ఈసీపీ2 అనే జన్యువులో మార్పు వల్ల వస్తుంది, ఎక్కువగా ఆడపిల్లలకే, సుమారు 10,000 మందిలో ఒకరికి. మొదటి నెలల్లో బాగానే ఎదుగుతారు, ఆ తర్వాత వచ్చిన మాటలు పోతాయి, చేత్తో పట్టుకోవడం పోతుంది, చేతులు అదేపనిగా నలుపుకుంటూ ఉంటారు. చూపు మాత్రం మిగులుతుంది, ఆ చూపులో ఎంత ఉంటుందో పెంచేవాళ్లకే తెలుసు.

ఈ టాబ్లెట్ ఇన్‌ఫ్రారెడ్ వెలుతురుతో కళ్లు ఎటు చూస్తున్నాయో పట్టుకుంటుంది. బొమ్మ మీద చూపు కాసేపు నిలిపితే ఆ మాట బయటికి పలుకుతుంది. ఆ 'కాసేపు' ఎంత అన్నదే అసలు విషయం. తక్కువ పెడితే పాప ఊరికే చూసినవన్నీ మాటలైపోతాయి, ఎక్కువ పెడితే చూపు నిలపలేక అలిసిపోతుంది. డెమోకి వచ్చినాయన సెట్టింగ్ మార్చకుండానే, గబగబా నాలుగు ప్రశ్నలు అడిగేసి, "పాపకి అర్థం కావట్లేదేమోనండీ" అన్నాడు. ఆ మాటకి నాకు ఇప్పటికీ కోపమే. ఈ పిల్లలకి అప్రాక్సియా ఉంటుంది, అంటే చెయ్యాలని అనుకున్నా ఒళ్లు వెంటనే మాట వినదు. మా స్పీచ్ థెరపిస్ట్ స్క్రీన్ మీద బొమ్మలు తగ్గించి, టైమ్ సరిచేసి, "అడిగాక మీరింకేం మాట్లాడకుండా ఆగండి" అంది. ఆగితే జవాబు వస్తోంది. ఫిజియోథెరపీ మధ్యలో పాప "ఆపండి" అని పలికించినప్పుడు నిజంగానే ఆపేశాం, ఆపాలి కూడా.

ఇబ్బందులున్నాయి. ఎండ పడితే పనిచేయదు, పాప తల వాలిస్తే కళ్లు దొరకవు, అందుకని గట్టి స్టాండ్ తప్పనిసరి. నిద్ర సరిగా లేని రోజు కాలిబ్రేషన్ (పాప కళ్లకి తగ్గట్టు టాబ్లెట్‌ని సరిచేయడం) జోలికే వెళ్లం, అట్టముక్కల మీద 'అవును', 'కాదు' రాసి చూపిస్తాం, వాటికి చార్జింగ్ టెన్షన్ కూడా లేదు.

ఇక పరిశోధన సంగతి: 1999లో శాస్త్రవేత్త హుదా జోగ్బీ బృందం రెట్‌కి కారణం ఎమ్ఈసీపీ2 జన్యువులో మార్పులేనని కనిపెట్టింది. 2007లో ఏడ్రియన్ బర్డ్ బృందం, ఎలుకల్లో లక్షణాలు వచ్చాక కూడా వెనక్కి మళ్లించొచ్చని చూపించింది. 2023లో అమెరికాలో ట్రోఫినెటైడ్‌కి అనుమతి వచ్చింది, రెట్‌కి అదే మొదటి మందు. అది పూర్తిగా నయం చేసేది కాదు, చాలామంది పిల్లలకి విరేచనాలు కూడా అవుతాయి. పరిశోధన మీద నాకు గట్టి నమ్మకం ఉంది, కానీ ఎక్కడ నొప్పిగా ఉందో పాప ఈరోజే చెప్పగలగాలి కదా.

కొనేముందు కొన్ని వారాలు ఇంట్లో వాడి చూడ్డానికి ఇవ్వమని అడగండి. ఇవ్వనంటే ఇంకోచోట చూసుకోండి.