బుధుడు, శుక్రుడు: ఏది ఎక్కువ వేడి?

కళింగపట్నం తీరాన తెల్లవారుజామున సముద్రం మీద వేగుచుక్కగా వెలిగే శుక్రుడు సూర్యుడి నుంచి సగటున 10.8 కోట్ల కిలోమీటర్ల దూరంలోను, దిగంతాన్ని అంటిపెట్టుకొని అరుదుగా కంటబడే బుధుడు 5.8 కోట్ల కిలోమీటర్ల దూరంలోను ఉన్నాయి. అయినా ఎక్కువ వేడి శుక్రుడిదే.

బుధుడి నేల పగలు సుమారు 430 డిగ్రీల సెల్సియస్‌కు చేరినా, వేడిని పట్టి ఉంచే వాతావరణం దాదాపు లేనందున రాత్రి మైనస్ 180 డిగ్రీలకు పడిపోతుంది. శుక్రుడి సంగతి ఇంతకంటే ఆసక్తికరం. అక్కడి మేఘాలు సూర్యకాంతిలో సుమారు నాలుగింట మూడు వంతులను వెనక్కి పంపేస్తాయి (మనకు అంత తళుకుగా కనిపించేది అందుకే). కానీ భూమి మీదకంటే దాదాపు 90 రెట్ల ఒత్తిడితో, 96 శాతం కార్బన్ డయాక్సైడ్‌తో నిండిన ఆ వాతావరణం, నేల నుంచి వెలువడే పరారుణ కిరణాలను సులభంగా బయటికి పోనివ్వదు కాబట్టి, అక్కడ పగలైనా రాత్రైనా, చివరికి ధ్రువాల వద్దనైనా, వేడి 465 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది.