వెబినారా, వర్క్‌షాపా, వారానికో చిన్న పనా: లైబ్రేరియన్లకు ఏది మేలు?

ఈ మధ్య తోటి లైబ్రేరియన్లు, ముఖ్యంగా బడి లైబ్రరీలు చూసుకునేవాళ్ళు, నన్ను పదే పదే ఒకటే అడుగుతున్నారు. "టెక్నాలజీ నేర్చుకోవాలి. ఉచిత వెబినార్లు సరిపోతాయా? డబ్బు కట్టి ఆన్‌లైన్ కోర్సులో చేరాలా? రెండు రోజులు సెలవు పెట్టి వర్క్‌షాపుకి వెళ్ళాలా?" ఈ మూడూ నేను చేశాను. ఎవరూ అడగని నాలుగో దారి ఇంకొకటుంది. ఇప్పుడు నేను పట్టుకున్నది అదే.

ఏది ఎంచుకోవాలన్నా ముందు నేను చూసేది ఒక్కటే. నేర్చుకున్నది వారం తిరిగేలోపు మన లైబ్రరీ ఫైలు మీద వాడతామా, లేదా? చెప్పేవాళ్ళ పేరు, సర్టిఫికెట్, ఎన్ని గంటలు అన్నవి దాని తర్వాతే. మన పనిలో చిక్కులన్నీ మన డేటాలోనే ఉంటాయి, నమూనా ఫైళ్ళలో చాలావరకు కనపడవు.

ఇది నాకు తలకెక్కింది ఐఎస్‌బీఎన్ (ప్రతి పుస్తకానికీ ఉండే గుర్తింపు నంబరు) కాలమ్ దగ్గర. కేటలాగ్‌లోని పుస్తకాల జాబితాను సీఎస్‌వీ ఫైలుగా, అంటే కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ పట్టికగా దించుకుని ఎక్సెల్‌లో తెరిచాను. పదమూడంకెల నంబర్లు ఉండాల్సిన చోట 9.78, దాని పక్కన ఒక 'ఈ', ప్లస్ 12 అని పైనుంచి కిందిదాకా ఒకటే వరస. నిజానికి అప్పటికి అంకెలు లోపల భద్రంగానే ఉన్నాయి, తెర మీద కురచగా కనిపిస్తున్నాయి, అంతే. అది తెలియక అలాగే సేవ్ చేశాను. సీఎస్‌వీలోకి కనిపించే రూపమే వెళ్తుంది కాబట్టి అసలు నంబర్లు పోయాయి. పాత పదంకెల నంబర్లలో సున్నాతో మొదలయ్యేవైతే తెరవగానే ఆ సున్నాని పోగొట్టుకున్నాయి. కేటలాగ్‌లోంచి మళ్ళీ దించుకునే వీలుంది కాబట్టి బతికిపోయాను. అప్పటికే స్ప్రెడ్‌షీట్ల మీద రెండు వెబినార్లు విని ఉన్నాను. ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా దిగుమతి చేసుకోవాలని మాత్రం నా పక్కన కూర్చున్న సహోద్యోగి చెబితేనే తెలిసింది.

అలాగని వెబినార్లు వద్దనను. లైబ్రరీల సహకార సంస్థ ఓసీఎల్‌సీ నడిపే వెబ్‌జంక్షన్ అనే శిక్షణ సైటు 2003 నుంచీ ఉంది. ఉచితం, రికార్డింగులు తీరిగ్గా చూసుకోవచ్చు. కొత్తగా ఏం వస్తోందో తెలుసుకోవడానికి వెబినార్‌ని మించింది లేదు. చాట్‌బాట్ ఇచ్చిన పుస్తకాల జాబితా పట్టుకుని పిల్లలు వస్తున్నారు. అందులో అసలు ఎవరూ రాయని పుస్తకాలు కూడా ఉంటున్నాయి. వాళ్ళకి ఏం చెప్పాలి, ఎలా వెతికి చూపించాలి అన్న చర్చ ఒక గంట వింటే మర్నాటికే పనికొస్తుంది. చేత్తో చేయాల్సిన పనికి మాత్రం వెబినార్ చాలదు. విన్నప్పుడు అంతా అర్థమైనట్టే ఉంటుంది, సిస్టమ్ ముందు కూర్చుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు.

కోర్సెరా, ఎడెక్స్ లాంటి చోట్ల దొరికే పెద్ద కోర్సుల్లో పాఠం గట్టిగా ఉంటుంది. పైథాన్, ఎస్‌క్యూఎల్ లాంటి కంప్యూటర్ భాషలు పునాది నుంచి చెప్తారు. కాకపోతే చేరినవాళ్ళలో చివరిదాకా వెళ్ళేది కొద్దిమందే. నేనూ ఎనిమిది వారాల పైథాన్ కోర్సు మూడో వారంలో ఆపేశాను. పాఠాలు బాగానే ఉన్నాయి, వాటిలోని లెక్కలు మాత్రం అమ్మకాలవీ షేర్లవీ. పుస్తకాల పనికి వాటిని ఎలా మళ్ళించుకోవాలో చెప్పేవాళ్ళు లేరు. ప్రమోషన్‌కి సర్టిఫికెట్ కావాలంటే ఈ దారి తప్పదు, అప్పుడు చేయండి.

ఇక వర్క్‌షాపులు. లైబ్రరీ కార్పెంట్రీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 2015 లో లండన్‌లోని సిటీ యూనివర్సిటీలో జేమ్స్ బేకర్ మొదలుపెట్టిన, లైబ్రేరియన్లకు డేటా పని నేర్పే పాఠాలివి. స్లైడ్లు చూపించి వదిలేయరు. చెప్పేవాళ్ళు టైప్ చేస్తుంటే మనమూ పక్కనే టైప్ చేస్తూ పోవాలి. ప్రతి ఒక్కరికీ రెండు రంగుల అంటుకునే చీటీలు ఇస్తారు. పని అయితే ఒక రంగు, ఇరుక్కుంటే ఇంకో రంగు ల్యాప్‌టాప్ మీద అంటించుకోవాలి. ఆ రెండో రంగు కనపడగానే సాయం చేసేవాళ్ళు మన దగ్గరికి వచ్చేస్తారు. నలుగురిలో చెయ్యెత్తి "నాకు రాలేదు" అనక్కర్లేదు. ఎన్నో ఏళ్ళు అనుభవం ఉన్నవాళ్ళకి ఇది ఎంత ఊరటో కూర్చుంటేనే తెలుస్తుంది.

నాకు అక్కడ దొరికిన అసలైన లాభం ఓపెన్‌రిఫైన్, చిందరవందర డేటాను శుభ్రం చేసే ఉచిత సాఫ్ట్‌వేర్. కేటలాగ్‌లో ఒకే రచయిత పేరు ఒకచోట ఇంటిపేరు ముందు పెట్టి, కామా పెట్టి ఉంటుంది, ఇంకోచోట వెనక ఉంటుంది. ఫింగర్‌ప్రింట్ అనే పద్ధతి కామాలు, చుక్కలు తీసేసి, పదాలను అక్షర క్రమంలో పేర్చి పోలుస్తుంది. అందుకే ఆ రెండూ ఒకే గుంపులోకి వస్తాయి. రోజుల తరబడి కళ్ళు కాయలు కాచేలా చేసే పని గంటలో తేలుతుంది. వర్క్‌షాపులో ఇచ్చిన వ్యాసాల నమూనా ఫైలు మీద అన్నీ చక్కగా కలిశాయి. ఆ సాయంత్రమే నా ఫైలు తెరిస్తే సగం కలవలేదు. ఇనీషియల్స్ మధ్య కొన్నిచోట్ల ఖాళీ ఉంది, కొన్నిచోట్ల లేదు. ఈ పద్ధతికి అవి వేరు వేరు పదాలు. మర్నాడు అడిగితే, పేరును చిన్న చిన్న అక్షరాల ముక్కలుగా చేసి పోల్చే ఎన్-గ్రామ్ పద్ధతి ఎంచుకుని, ముక్క సైజు ఒకటికి తగ్గించి చూడమన్నారు. అది ఖాళీలను లెక్కచేయదు. రెండు రోజుల వర్క్‌షాపులో నాకు గట్టిగా గుర్తున్నది ఆ పది నిమిషాలే. మీరు వెళ్తే మీ ఫైలు తప్పకుండా పట్టుకెళ్ళండి. పాఠకుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న కాలమ్‌లు మాత్రం ముందే తీసేయండి.

మరి వర్క్‌షాపే మేలా? వెళ్ళగలిగితే మేలే. బడి లైబ్రరీలో చాలాచోట్ల ఒక్కరే మనిషి. రెండు రోజులు వెళ్తే తలుపుకి తాళం పడుతుంది. వాళ్ళ కోసమే నాలుగో దారి.

2006 లో అమెరికాలోని షార్లెట్ మెక్లెన్‌బర్గ్ పబ్లిక్ లైబ్రరీలో హెలెన్ బ్లోవర్స్ తమ సిబ్బంది కోసం 23 చిన్న పనుల జాబితా తయారు చేశారు. బ్లాగు తెరవడం, ఫొటో ఎక్కించడం, ట్యాగులు పెట్టడం లాంటివి. గడువు తొమ్మిది వారాలు. ఎవరి వీలుని బట్టి వాళ్ళు చేసుకుని, ఏం జరిగిందో సొంత బ్లాగులో రాసుకునేవాళ్ళు. పూర్తి చేసినవాళ్ళకి ఎంపీత్రీ ప్లేయర్ కూడా ఇచ్చారు. ఎవరైనా వాడుకోవచ్చని వదిలేశారు కాబట్టి ఎన్నో దేశాల లైబ్రరీలు ఆ పద్ధతిని తీసుకున్నాయి. ఆ పనుల్లో చాలావాటికి కాలం చెల్లింది, పద్ధతికి మాత్రం చెల్లలేదు. వారానికి ఒక్క పని, మన సిస్టమ్ మీద, మన డేటాతో. ఇంకో బడి నుంచి ఒకరు జత ఉంటే చాలు. ఎవరూ అడగకపోతే నాలుగో వారానికి పని వాయిదా పడుతుంది, ఎవరో ఒకరు "అయిందా?" అని అడిగితే అవుతుంది.

సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ళ ట్రైనింగ్‌లో వాళ్ళ బటన్లు నేర్పుతారు. కొత్త సిస్టమ్ పెట్టినప్పుడు వెళ్ళాలి, అంతవరకే. సదస్సులు పరిచయాలకి మంచివి. మళ్ళీ డిగ్రీ చేయాలా అంటే, ఉద్యోగం మారాలనుకుంటే తప్ప అక్కర్లేదు.

ఇప్పుడు నేను, ఒక హైస్కూల్ లైబ్రేరియన్ కలిసి ఇలాంటి జాబితా ఒకటి పెట్టుకున్నాం. వర్క్‌షాపు పాఠాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉన్నాయి కాబట్టి వాటిలోంచే ఏరుకుంటున్నాం. గురువారం సాయంత్రం గంటసేపు స్క్రీన్ షేర్ చేసుకుంటాం. మొదటి వారం ఐఎస్‌బీఎన్ కాలమ్, రెండో వారం రచయితల పేర్లు, మూడో వారం ఏడాదిగా ఒక్కసారి కూడా బయటికి వెళ్ళని పుస్తకాల లెక్క తీశాం. ఆవిడ లెక్కలో సైన్సు పుస్తకాలు ఒక అరకు అరే కదల్లేదని తేలింది. ఈ వారం పని, ఆ అరని తలుపు ఎదురుగా పెట్టి, ఇచ్చిపుచ్చుకున్న లెక్కను మళ్ళీ దించి పాతదానితో పోల్చడం.